‘కజిన్’ – తెలుగు వావివరుసలు : అర్థ, ప్రయోగ పరిశీలన

ప్రస్తావన

బంధుత్వ పదాలు ఏ భాషలోనైనా మౌలిక పదజాలంలో భాగం. పరభాషా సంపర్కం ఎంత బలంగా ఉన్నా ఇవి సులభంగా చలించవని సాధారణంగా భావిస్తారు. తెలుగులో ‘అంకుల్’, ‘ఆంటీ’, ‘కజిన్’ అనే మూడు ఆంగ్ల పదాలు ఈ భావనను సవరించుకోవలసిన అవసరాన్ని కల్పించాయి. వీటిలో మొదటి రెండూ ఎక్కువగా బంధువులు కానివారిని గౌరవంగా పిలవడానికి స్థిరపడ్డాయి. రక్తబంధం లోపలికి ప్రవేశించి, అప్పటికే ఉన్న తెలుగు మాటల స్థానాన్ని ఆక్రమించినది ‘కజిన్’ ఒక్కటే. ఈ పదం ఏ అర్థాన్ని వెంట తెచ్చింది, ఏ భేదాన్ని చెరిపింది, అనువాదంలో, చట్టంలో, వైద్యంలో, నిత్య వ్యవహారంలో దాని ఫలితం ఏమిటి అన్నవి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. బంధుత్వ పదం వ్యక్తికి తగిలించిన పేరు మాత్రమే కాదు, ఎవరితో పెళ్లి కుదురుతుందో, ఎవరితో కుదరదో తెలిపే సూచిక కూడా అన్నది ఈ పరిశీలనకు ఆధారం.

పదచరిత్ర

‘కజిన్’ ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలోకి వచ్చిన లాటిన్ పదం. దాని మూలరూపం ‘కాన్‌సోబ్రినుస్’. ‘సోరోర్’ అంటే సోదరి. ఆ ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు తొలి అర్థం తల్లి సోదరి బిడ్డ. క్రీ.శ. 533లో వెలువడిన జస్టీనియన్ ‘ఇన్‌స్టిట్యూట్స్’ అనే న్యాయగ్రంథం ఈ విషయంలో స్పష్టమైన విభజన చూపింది. అన్నదమ్ముల బిడ్డలు ‘పాట్రుఎలెస్’, అక్కచెల్లెళ్ల బిడ్డలు ‘కాన్‌సోబ్రినీ’, అన్నాచెల్లెళ్ల బిడ్డలు ‘అమిటినీ’. మూడో వర్గం తెలుగువారి మేనబావలు, మేనమరదళ్ల వర్గమే. అయితే సామాన్య జనం వీరందరినీ కలిపి ‘కాన్‌సోబ్రినీ’ అనే వ్యవహరిస్తున్నారని కూడా ఆ గ్రంథం గుర్తించింది. భేదం చెరిగిపోవడం ఆంగ్లంలో మొదలు కాలేదు, లాటిన్ వాడుకలోనే మొదలైంది.

ఆంగ్లంలోని తక్కిన రెండు పదాల చరిత్ర మరింత ఆసక్తికరం. ‘అంకుల్’కు మూలమైన ‘అవుంకులుస్’ అంటే తల్లి సోదరుడు, అనగా మేనమామ. ‘ఆంట్’కు మూలమైన ‘అమిట’ అంటే తండ్రి సోదరి, అనగా మేనత్త. ప్రాచీనాంగ్లంలో తండ్రి సోదరుడికీ తల్లి సోదరుడికీ వేరు వేరు దేశీయ పదాలుండేవి. 1066 నాటి నార్మన్ విజయం తరవాత ఫ్రెంచి పదాలు ప్రవేశించి క్రమంగా వాటిని తొలగించాయి. మేనమామను చెప్పే మాట పినతండ్రికీ, మేనత్తను చెప్పే మాట పినతల్లికీ, పినతల్లి బిడ్డను చెప్పే మాట మేనత్త బిడ్డకూ విస్తరించాయి. నేడు తెలుగులో జరుగుతున్న మార్పును ఆంగ్లం కొన్ని శతాబ్దాలకు ముందే అనుభవించిందన్న మాట.

ఆంగ్లంలో స్థిరపడిన తరవాత కూడా ఈ పదం అర్థపరిధి చాలాకాలం విశాలంగానే ఉండేది. షేక్స్‌పియర్ నాటకంలో క్లాడియస్ తన అన్న కొడుకైన హామ్లెట్‌ను ‘కజిన్’ అనీ ‘కొడుకు’ అనీ ఒకేసారి సంబోధిస్తాడు. తెలుగు వరుసలో అన్న కొడుకు కొడుకే కనుక అక్కడ రెండు పదాల అవసరం కలగదు. తల్లిదండ్రుల తోబుట్టువుల బిడ్డలు అనే నేటి ప్రధానార్థం తరవాతి కాలంలో స్థిరపడింది. ఆ పరిధికి వెలుపలి వారిని ‘సెకండ్ కజిన్’ వంటి మాటలతోనూ, తరం మారినప్పుడు ‘రిమూవ్డ్’ అనే విశేషణంతోనూ సూచిస్తారు. ఆంగ్లం ఇక్కడ కొలిచేది దూరాన్ని. తెలుగు చూసేది వరుసను.

తెలుగు వావివరుసల నిర్మాణం

తెలుగులో తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న లేదా బాబాయి. తల్లి అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని లేదా చిన్నమ్మ. ప్రాంతాన్ని బట్టి దొడ్డమ్మ, చిన్నాయన వంటి రూపాలున్నా నిర్మాణం ఒక్కటే. వీరంతా తండ్రులూ తల్లులే కనుక వీరి బిడ్డలు అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అవుతారు. తండ్రి సోదరి మేనత్త, తల్లి సోదరుడు మేనమామ. వీరి బిడ్డలు బావ, బావమరిది, వదిన, మరదలు. మొదటి వర్గంతో పెళ్లి వావి తప్పడం. రెండో వర్గంతో పెళ్లి మేనరికం.

ఈ విభజన ఎంత క్రమబద్ధమైనదో వివాహం వల్ల ఏర్పడే బంధుత్వాల పేర్లు తెలుపుతాయి. భార్య తండ్రి, భర్త తండ్రి మామ. భార్య తల్లి, భర్త తల్లి అత్త. అక్క భర్త బావ, అన్న భార్య వదిన, తమ్ముడి భార్య మరదలు. పుట్టుకతో వచ్చిన మేనవారికీ పెళ్లితో వచ్చిన వియ్యపువారికీ తెలుగు ఒకే పదాలను వాడుతుంది. ఆంగ్లం రక్తబంధువులను ‘కజిన్’ కిందా, వివాహబంధువులను ‘ఇన్ లా’ కిందా వేరు చేస్తుంది. ఆంగ్లం రెండుగా చూసే చోట తెలుగు ఒకటిగానూ, ఆంగ్లం ఒకటిగా చూసే చోట తెలుగు రెండుగానూ చూస్తున్నాయి. కనుక ‘కజిన్’కు తెలుగులో సమానార్థకం లేదనడం పైపై మాట. రెండు భాషల విభజన రేఖలే ఒకదానినొకటి అడ్డంగా ఖండిస్తున్నాయనడం సరైన మాట.

ఈ నిర్మాణం పండితుల దృష్టిని చాలాకాలంగా ఆకర్షించింది. దాక్షిణాత్యులు మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడడాన్ని బౌధాయన ధర్మసూత్రం దక్షిణదేశపు ఆచారంగా పేర్కొంది. లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన బృహద్గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ బంధుత్వ పదాల పట్టికలు ఉన్నాయి. ఇ. బి. టైలర్ 1889లో మేనరికాన్ని వివరించడానికి ‘క్రాస్ కజిన్’ అనే పరిభాషను ప్రవేశపెట్టాడు. లూయీ ద్యూమాన్ 1953లో ద్రావిడ బంధుత్వ పదజాలం వివాహవ్యవస్థకు అభివ్యక్తి అని ప్రతిపాదించాడు. ఆంగ్ల మానవశాస్త్రానికే ‘కజిన్’ చాలక దానికి ముందు ఒక విశేషణాన్ని చేర్చుకోవలసి వచ్చిందన్నది ఇక్కడ గమనించదగిన అంశం.

ఆంగ్ల నవల – తెలుగు పాఠకుడు

ఈ భేదం సాహిత్యానువాదంలో ఎదురయ్యే సమస్యను రెండు ఆంగ్ల నవలలు చక్కగా చూపుతాయి. జేన్ ఆస్టిన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ (1814)లో ఫానీ ప్రైస్ పేదింటి పిల్ల. తల్లి సోదరి అయిన లేడీ బెర్‌ట్రమ్ ఇంట్లో పెరుగుతుంది. చివరకు ఆ ఇంటి రెండో కొడుకు ఎడ్మండ్‌ను పెళ్లాడుతుంది. ఆంగ్లంలో వారిద్దరూ కజిన్లు. తెలుగులో ఎడ్మండ్ ఆమెకు పెద్దమ్మ కొడుకు, వయసులోనూ పెద్దవాడు, కనుక అన్న. నవల ఆరంభంలో మిసెస్ నారిస్ చేసే వాదం ఈ సందర్భంలో కీలకం. పిల్లలను తోబుట్టువుల్లా కలిపి పెంచితే వారి మధ్య పెళ్లి ఆలోచన పుట్టదని ఆమె ధీమా. ఆంగ్ల పాఠకుడికి అది ఒక అంచనా, కథ దాన్ని తలకిందులు చేస్తుంది. తెలుగులో ‘అన్న’ అనే పదం పడిన క్షణంలోనే అది అంచనా కాకుండా నిషేధమవుతుంది. రచయిత్రి సుఖాంతంగా మలచిన ముగింపు తెలుగు పాఠకుడి చెవికి వావి తప్పిన పెళ్లిగా వినిపిస్తుంది.

ఎమిలీ బ్రాంటే ‘వదరింగ్ హైట్స్’ (1847)లో పరిస్థితి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. రెండో తరపు కేథరీన్‌కు రెండు పెళ్లి సంబంధాలు. మొదటి భర్త లింటన్ ఆమె తండ్రి సోదరి ఇసబెల్లా కొడుకు, అంటే మేనత్త కొడుకు. నవల చివర ఆమె పెళ్లాడబోయే హేర్టన్ ఆమె తల్లి సోదరుడు హిండ్లీ కొడుకు, అంటే మేనమామ కొడుకు. రెండూ మేనరికాలే. హీత్‌క్లిఫ్ ఆమెకు మేనత్త భర్త. కొడుకుతో బలవంతంగా పెళ్లి జరిపించి మామగారవుతాడు. ఆంగ్లంలో అతడు ‘అంకుల్’ నుంచి ‘ఫాదర్ ఇన్ లా’గా మారతాడు. తెలుగులో ఆ పెళ్లికి ముందూ తరవాతా అతడు మామే. ఆ పెళ్లి వెనుక అతడి ఆలోచన లింటన్ల ఆస్తిని చేజిక్కించుకోవడం. ఆస్తి చేయి దాటకుండా మేనరికం చేసుకోవడం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ కథా నిర్మాణం ఆంగ్ల పాఠకుడికన్నా త్వరగా అర్థం కావచ్చు.

ఒకే నవలలో రెండు వర్గాలూ తటస్థపడిన సందర్భాలూ ఉన్నాయి. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ (1813)లో డార్సీకి కల్నల్ ఫిట్జ్‌విలియం మేనమామ కొడుకు, కనుక బావ వరుస. లేడీ కేథరీన్ తన కూతురు ఆన్‌ను డార్సీకి ఇవ్వాలని పట్టుబడుతుంది. ఆమె డార్సీ తల్లికి తోబుట్టువు. అక్కచెల్లెళ్ల బిడ్డలైన డార్సీ, ఆన్ తెలుగులో అన్నాచెల్లెళ్లు. మూలంలో ఇద్దరికీ ‘కజిన్’ అన్న ఒకే మాట సరిపోతుంది.

ఇటువంటి చోట్ల అనువాదకుడి ముందు నాలుగు మార్గాలున్నాయి. ‘బంధువు’ అంటే సాన్నిహిత్యం తగ్గుతుంది. ‘పెద్దమ్మ కొడుకు’ అని విడమరిస్తే వావి అడ్డు వస్తుంది. పెద్దమ్మను మేనత్తగా మార్చితే అది అనువాదం కాదు, అనుసరణ అవుతుంది, పైగా ఇద్దరు సోదరీమణుల భిన్న జీవితాలపై నిలిచిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ పునాది కూలిపోతుంది. నాలుగోది ‘కజిన్’ను అలాగే ఉంచడం. అక్కచెల్లెళ్ల బిడ్డల విషయంలో ఈ నాలుగో మార్గమే మూలానికి న్యాయం చేస్తుంది. బంధుత్వాన్ని తొలి ప్రస్తావనలో కథనం ద్వారా తెలిపి, ఆపై ‘కజిన్’ అని వాడితే అది పరాయి సమాజపు నియమమని పాఠకుడు గ్రహిస్తాడు. మేనవారి విషయంలో ‘బావ’, ‘మరదలు’ అనే పదాలు అందుబాటులో ఉన్నాయి. అయితే అవి తమతో పాటు సరసాన్ని, చనువును, పెళ్లిపై హక్కును మోసుకొస్తాయి. లింటన్‌కూ కేథరీన్‌కూ మధ్య మూలంలో లేని చనువును ‘బావ’ కల్పించే ప్రమాదం ఉంది. అందువల్ల కథనంలో ‘మేనత్త కొడుకు’ అని చెప్పడం, సంబోధనలో పేరుతో సరిపెట్టడం మేలు.

తెలుగు నుంచి ఆంగ్లానికి వెళ్లేటప్పుడు నష్టం మరో రూపం దాలుస్తుంది. ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి వెంకమ్మకు సోదరుడు. సుబ్బి పెళ్లిని తప్పించడానికి అతడు పూనుకోవడం వెనుక మేనమామ బాధ్యత ఉంది. మేనమామకు మేనకోడలి పెళ్లిలో ఉండే పాత్ర తెలిసిన ప్రేక్షకుడికి ఆ చొరవకు వేరే కారణం చెప్పనవసరం లేదు. ‘అంకుల్’ అన్న మాట పినతండ్రికీ వర్తిస్తుంది కనుక ఆ బాధ్యతను సూచించలేదు. లాటిన్‌లో ఆ పదానికి అర్థం మేనమామే కావడం భాషాచరిత్రలోని ఒక వైచిత్రి.

వివాహ నియమం – పద నియమం

పదాల విభజనకూ వివాహ నియమాలకూ గల సంబంధం ఆంగ్ల సమాజంలోనూ కనిపిస్తుంది. ఎనిమిదో హెన్రీ కాలంలో 1540 నాటి శాసనం తోబుట్టువుల బిడ్డల మధ్య పెళ్లికి ఉన్న అడ్డంకిని తొలగించింది. అన్నదమ్ముల బిడ్డలా, అన్నాచెల్లెళ్ల బిడ్డలా అన్న భేదం అక్కడ లేదు. చార్లెస్ డార్విన్ 1839లో పెళ్లాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ అతడి మేనమామ కూతురు. ఆమె అతడికన్నా కొన్ని నెలలు పెద్దది కనుక తెలుగు వరుసలో వదిన. మరోవైపు, చనిపోయిన భార్య సోదరిని పెళ్లాడడం ఇంగ్లండులో 1907 వరకు చట్టవిరుద్ధం. అక్కడ ఆమె ‘సిస్టర్ ఇన్ లా’, అంటే పెళ్లి ద్వారా సోదరి. తెలుగులో ఆమె మరదలు, పెళ్లికి తగిన వరుస. ఒక సమాజం సోదరిగా పరిగణించిన స్త్రీని మరో సమాజం మరదలుగా, ఒకరు పెళ్లాడదగినదనుకున్న స్త్రీని మరొకరు చెల్లెలిగా చూశారు. ఈ భేదాన్ని రెండు సమాజాల్లోనూ మోసినవి బంధుత్వ పదాలే.

భారతీయ చట్టం ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు పరిశీలించదగినది. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ బంధుత్వాలను నిర్వచించేటప్పుడు ‘కజిన్’ అనే మాటను ఆశ్రయించలేదు. అన్నాచెల్లెళ్ల బిడ్డలు, అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెళ్ల బిడ్డలు అని మూడు వర్గాలనూ విడివిడిగా పేర్కొంది. మూడింటినీ నిషేధించి, ఆచారం అనుమతిస్తే మినహాయింపు ఇచ్చింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కూడా తండ్రి సోదరుడి కొడుకు, తండ్రి సోదరి కొడుకు అంటూ ఒక్కొక్క బంధువునూ వేరుగా జాబితాలో చేర్చింది. ఆచారాన్ని గుర్తించే మినహాయింపు అందులోకి 1963 సవరణతో వచ్చింది. ‘కజిన్’ అని ఒక్క మాటతో ముగించి ఉంటే, ఆచారం ఏ వర్గానికి మినహాయింపు ఇస్తున్నదో తేల్చడం కష్టమయ్యేది. ఆంగ్లంలో రాసిన ఈ చట్టాలు ఈ విషయంలో తెలుగు వావివరుసల తర్కానికే దగ్గరగా నిలిచాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఇందుకు భిన్నమైన మార్గం ఎంచుకున్నాయి. రక్తసంబంధీకుల వివాహాలను నమోదు చేసేటప్పుడు అవి ‘తండ్రి వైపు ఫస్ట్ కజిన్’, ‘తల్లి వైపు ఫస్ట్ కజిన్’ అని విభజిస్తాయి. ఈ లెక్కలో మేనత్త కొడుకూ పినతండ్రి కొడుకూ ఒకే గడిలో పడతారు. ఒకరు బావ, మరొకరు సోదరుడు. తెలుగు వ్యవస్థలో ‘వైపు’ కన్నా ‘వరుస’ ముఖ్యం అన్న సంగతి ఆ పట్టికలో కనిపించదు.

వైద్యంలో మాత్రం ‘కజిన్’కు న్యాయమైన స్థానం ఉంది. తోబుట్టువుల బిడ్డలు సగటున ఎనిమిదో వంతు జన్యువులను పంచుకుంటారు. మేనత్త బిడ్డలైనా పిన్ని బిడ్డలైనా లెక్క ఒకటే. వావి కుదిరిందా తప్పిందా అన్నది జన్యుశాస్త్రానికి పట్టదు. పైగా తెలుగునాట ఆచారంలో ఉన్న అక్క కూతురితో పెళ్లిలో ఆ నిష్పత్తి నాలుగో వంతు. మేనరికం వరసైన సంబంధం కనుక నిరపాయమని భావించే కుటుంబానికి వైద్యుడు చెప్పవలసింది ఈ సంగతే. అక్కడ వరుసను చెరిపే పదం అవసరం.

‘కజిన్ బ్రదర్’ – అసంపూర్ణమైన దిద్దుబాటు

భారతీయాంగ్లంలో ‘కజిన్ బ్రదర్’, ‘కజిన్ సిస్టర్’ అనే సమాసాలు విరివిగా వినిపిస్తాయి. వీటిని వ్యాకరణ దోషాలుగా కొట్టివేయడం ఆంగ్ల బోధనలో పరిపాటి. నిజానికి ఇవి లోపాన్ని పూరించే ప్రయత్నాలు. ‘కజిన్’ స్త్రీపురుష భేదాన్ని తెలపదు. భారతీయ భాషలు ఆ భేదం లేకుండా బంధువును ప్రస్తావించవు. అందుకే ‘బ్రదర్’, ‘సిస్టర్’ చేరాయి.

ఈ దిద్దుబాటు హిందీకి సరిగ్గా అమరుతుంది. హిందీలో చచేరా, మమేరా, ఫుఫేరా, మౌసేరా అని నాలుగు విశేషణాలున్నా వాటి తరవాత వచ్చే పదం ‘భాయి’ లేదా ‘బహన్’ మాత్రమే. మేనమామ కొడుకు కూడా అక్కడ సోదరుడే. తెలుగులో ఈ సమాసం సగానికే అమరుతుంది. పినతండ్రి కొడుకును ‘కజిన్ బ్రదర్’ అంటే వావి చెడదు. మేనత్త కొడుకును అలా అంటే బావ తమ్ముడో అన్నో అయిపోతాడు. తెలుగు ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో వివాహ నియమాలు వేరు. వారిలో పినతండ్రి కూతురూ పిన్ని కూతురూ కూడా పెళ్లికి తగినవారే. ఒకే పట్టణంలో, ఒకే ఆంగ్ల మాట మూడు సమాజాలకు మూడు అర్థాలను అందిస్తున్నదని దీనివల్ల తేలుతుంది.

నేటి వాడుక – లాభనష్టాలు

‘కజిన్’ వ్యాప్తిని ఆంగ్ల వ్యామోహంగా మాత్రమే చూడడం సమంజసం కాదు. ‘బావ’ అన్న పిలుపులో ఆత్మీయతతో పాటు ఒక నిర్ణయం దాగి ఉంటుంది. పుట్టినప్పుడే ఫలానావాడి పెళ్లామని మాట అనుకోవడం, ఊహ తెలియని వయసు నుంచి ఆట పట్టించడం, ఎదిగాక కాదంటే రెండు కుటుంబాల మధ్య మాటలు తెగిపోవడం తెలుగు సమాజానికి కొత్త కాదు. ఆ భారం ఎక్కువగా మోసినవారు ఆడపిల్లలు. మేనమామ కొడుకును ‘మా కజిన్’ అని పరిచయం చేసే యువతి ఆ నిర్ణయం నుంచి తప్పుకుంటున్నది. అతడిని ‘అన్న’ అంటే వావి మారుతుంది, ‘బావ’ అంటే పెళ్లి ప్రస్తావన వస్తుంది. రెండింటికీ మధ్య తెలుగులో లేని చోటును ‘కజిన్’ ఇచ్చింది.

నష్టం కూడా చిన్నది కాదు. ‘కజిన్’ కింద అన్నాతమ్ముళ్లూ చేరుతున్నారు. పెదనాన్న కొడుకును సొంత అన్నతో సమానంగా నిలిపిన భాష, అతడిని ‘కజిన్’ అన్నప్పుడు ఒక మెట్టు దూరం జరుపుతున్నది. ఉమ్మడి కుటుంబంలో ‘అన్న’కు ఉన్న బాధ్యత ‘కజిన్’కు లేదు. విదేశాల్లో పెరిగే తెలుగు పిల్లలకు ఈ రెండు వర్గాల భేదం మాటల్లో అందకపోతే, పెద్దలు ఒక సంబంధాన్ని ఆమోదించి మరోదాన్ని వారించడం అకారణంగా తోస్తుంది. పదం పోయిన చోట నియమం మిగిలితే అది ఆజ్ఞగానే మిగులుతుంది, అర్థం కాదు.

ముగింపు

‘కజిన్’ తెలుగులో ఖాళీ స్థానాన్ని నింపడానికి రాలేదు. ఎనిమిది తెలుగు పదాలు నిలిచిన చోట ఒక్కటిగా వచ్చింది. దాని యోగ్యతను సందర్భమే నిర్ణయిస్తుంది. జన్యు సంబంధాన్ని చెప్పే వైద్యుడికి అది సరైన పదం. చట్టానికి చాలని పదం. అనువాదకుడికి కొన్ని చోట్ల అనివార్యం, కొన్ని చోట్ల అనవసరం. పెళ్లి ఒత్తిడిని తప్పించుకోదలచిన యువతికి ఆశ్రయం. సొంత అన్న వంటి పెదనాన్న కొడుకు విషయంలో లోటు. లాటిన్ వాడుకలో మూడు పదాలు ఒక్కటైనప్పుడు ఆ భేదంపై ఆధారపడిన వివాహ నియమమేదీ అక్కడ లేదు కనుక సమాజం ఆ మార్పును సులభంగా భరించింది. తెలుగులో భేదంపై నియమం ఇంకా నిలిచి ఉంది. నియమం సడలుతున్న కుటుంబాల్లో ‘కజిన్’ సహజంగా ఒదిగిపోతుంది. నియమం నిలిచిన కుటుంబాల్లో అది పరిచయానికి పరిమితమై, పిలుపులో అన్న, బావ, వదిన, మరదలు కొనసాగుతాయి. కనుక ఈ పదం వ్యాప్తిని లెక్కించదలచిన పరిశోధన ఒకరిని ఇతరులకు పరిచయం చేసే మాటను, నేరుగా పిలిచే మాటను వేరుగా నమోదు చేయవలసి ఉంటుంది. తెలుగు వావివరుసలు ఎంతవరకు మారాయన్నది తేల్చేది పరిచయంలోని ‘కజిన్’ కాదు, ఇంట్లోని పిలుపు.